పదమూడో విడత

2009 నవంబరు 17, మంగళవారం. తెల్లవారినప్పటి నుంచి సన్నటి తుంపర. గాలి లేదు, పెద్ద చలీ లేదు. గొడుగు వేసుకుంటే సిగ్గు, వేసుకోకపోతే జలుబు అనిపించే రకం వాన. పదిన్నరకల్లా వారసత్వాల ఆఫీసు గుమ్మంలో పదకొండు గొడుగులు గోడకి ఆనించి ఉన్నాయి. వాటి కింద చేరిన మడుగుని గోనెగుడ్డతో తుడుస్తూ అటెండరు, "గొడుగు తెచ్చుకున్నవాళ్లు దాని నీళ్లు కూడా పట్టుకెళ్లాలి మరి," అని గోడతో చెప్పాడు.

ఆ అటెండర్ని అందరూ కుర్చీలాయన అంటారు. ఇరవయ్యారేళ్ల సర్వీసు. ఆ పేరెందుకు వచ్చిందో చెప్పాలంటే ముందు ఆఫీసు పని చెప్పాలి, అది చెప్పాలంటే యంత్రం సంగతి చెప్పాలి. కంగారు లేదు, వాన ఎలాగూ ఇప్పట్లో వెలిసేది కాదు.

ఊళ్లో ఎవరైనా ఇల్లో వాకిలో మిగిల్చి పోతే, అది ఎవరికి ఎంత చెందుతుందో తేల్చి కాగితం ఇవ్వడం ఆ ఆఫీసు పని. వెనకటి రోజుల్లో లావుపాటి రిజిస్టర్లు ఉండేవి. వాటిని చెద తిన్న సంవత్సరం యంత్రం, దాంట్లో డేటాబేసు వచ్చాయి. అందులో ఒకటే పెద్ద టేబుల్, అంటే గళ్ల పట్టిక. మనిషికో వరస. వరసకి నాలుగే గళ్లు: మనిషి, పుట్టిన తేదీ, ఉన్నారా పోయారా, ఎవరి బిడ్డ. అంతకంటే మనిషి గురించి ప్రభుత్వానికి అక్కర్లేదు.

వారసుల్ని పిలవడానికి యంత్రాన్ని అడిగే ప్రశ్నని క్వెరీ అంటారు, దానికి రెండు ముక్కలుంటాయి. మొదటి ముక్క, ఆస్తి ఎవరిదో ఆ ఒక్క మనిషిని పిలుస్తుంది. రెండో ముక్క, ఇప్పుడే వచ్చినవాళ్లని చూసి, వీళ్ల బిడ్డలెవరు, రండి, అంటుంది. వాళ్లు వచ్చాక మళ్లీ అదే ముక్క: వీళ్ల బిడ్డలెవరు? అలా తనని తనే పిలుచుకుంటూ విడతలు విడతలుగా పోతుంది. ఏ విడతలో ఎవరూ రాలేదో ఆ విడతతో ఆగుతుంది. బతికి ఉన్న మనిషి వస్తే వంతు అక్కడ నిలిచిపోతుంది, పోయిన మనిషి వస్తే కింది వాళ్లకి చీలుతుంది. అంతే, ఇందులో పెద్ద విద్యేమీ లేదు.

యంత్రం గది తలుపు హాల్లోకి తెరుచుకుంటుంది. పిలిచినవాళ్లు అందులోంచి నడిచి వస్తారు. హాల్లో చెక్క కటకటా అడ్డం ఉంటుంది. దానికి అవతల రెండు రకాల బెంచీలు. ఇప్పుడే వచ్చినవాళ్లకి కొత్త బెంచీ, అంతకుముందు విడతల వాళ్లకి పాత బెంచీలు. యంత్రం కొత్త బెంచీ వైపే చూసి అడుగుతుంది, పాత బెంచీల జోలికి పోదు. ఇవతల మనలాంటి అర్జీదార్లు కూచుంటారు.

వచ్చేవాళ్లు వాళ్ల వంతు ఎంతో అంతే ఉంటారు. ఇల్లంతా తనదైన మనిషి నిండు మనిషిలా వస్తాడు. ఇద్దరు పిల్లలుంటే తలా సగం ఎత్తున వస్తారు. సంతానం ఎక్కువైన ఇళ్లతోనే ఇబ్బంది. ఒకసారి సోడా ఫ్యాక్టరీ ముసలాయన మనవలు పందొమ్మిది మంది గ్లాసులంత ఎత్తున వస్తే, కాళ్ల కింద పడతారేమోనని కుర్చీలాయన చెప్పులు విప్పి తిరిగాడు. అందుకే అతని దగ్గర కుర్చీలు, ముక్కాలిపీటలు, అట్టపెట్టెలు, పళ్లేలు, చివరికి ఒక భూతద్దం కూడా స్టాకు రిజిస్టర్లో ఎక్కి ఉన్నాయి. మనిషిని బట్టి ఆసనం. అదీ పేరు వెనక కథ.

వచ్చినవాళ్లు కబుర్లు చెప్పరు. ఎవరి వరసలో ఏముందో ఆ ఒక్క ముక్క చెప్పి కూచుంటారు. "నేను ఫలానావారి బిడ్డను." నలభై ఏళ్ల తరవాత తండ్రి మొహం చూసి ఇవతలి బెంచీ మీద ఎవరైనా ఏడిస్తే, అవతల నుంచి ఒక చెయ్యి కూడా లేవదు.

ఆ మంగళవారం పదకొండు గంటలకి వాచీల తాత ఇల్లు పిలుపుకొచ్చింది.

వాచీలు బాగుచేసే ముసలాయన పోయి పదమూడేళ్లయింది. ఆయనకి కొడుకు, కూతురు. కొడుకు తండ్రి కంటే ముందే పోయాడు. కూతురు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసింది, అందరూ టెలిఫోనామె అనేవారు, పెళ్లి చేసుకోలేదు, కిందటి వేసవిలో పోయింది. ఇల్లు ఇంకా ముసలాయన పేరునే ఉంది. అర్జీ పెట్టింది కొడుకు పిల్లలు ముగ్గురు: సిమెంటు వ్యాపారం చేసే పెద్దవాడు, బళ్లో లెక్కలు చెప్పే నడిపివాడు, ఆసుపత్రిలో నర్సుగా ఉన్న చెల్లెలు.

ముగ్గురూ ఒక బెంచీ మీద కూచున్నారు. వెనక బెంచీ చివర టైలరమ్మ కూచుంది. ముప్పయ్యారేళ్ల మనిషి. ఆ ఇంటి వీధి గదిలో మిషను పెట్టుకుని చొక్కాలు, పరదాలు కుట్టి బతుకుతోంది. నాలుగో ఏట నుంచీ ఆ ఇంట్లోనే పెరిగింది. ఎక్స్ఛేంజిలో పక్క కుర్చీలో పనిచేసే ఆవిడ జబ్బుచేసి పోతే, ఆవిడ పిల్లని టెలిఫోనామె ఇంటికి తెచ్చుకుంది. ఎత్తుకుని తెచ్చింది, కాగితం మీద తేలేదు. ఆ తేడా ఎంతో తెలుసుకోవడానికే టైలరమ్మ ఆ రోజు వచ్చింది. యంత్రం తనని టెలిఫోనామె బిడ్డగా పిలిస్తే సగం ఇల్లు ఆమెది. పిలవకపోతే మిషను రోడ్డు మీద పెట్టుకోవాలి.

"బావగారూ, కాస్త ఆ కాగితాలు ఇలా ఇస్తారా, ఒకసారి చూసుకుంటాను," అంది ముందుకి వంగి.

పెద్దవాడు తల తిప్పలేదు. "బావేమిటి? ఎవరికి బావ? సార్ అను, బాగుంటుంది."

"మీ మేనత్త నన్ను పెంచింది కదండీ."

"మా అత్త పిల్లిని కూడా పెంచింది. అది నన్ను బావా అనలేదే?"

నడిపివాడు నవ్వబోయి మానుకున్నాడు. చెల్లెలు మాత్రం వెనక్కి తిరిగి, "వదినా, నువ్వు ఇలా ముందుకొచ్చి కూచో. అక్కడ కిటికీలోంచి చూరునీళ్లు చిందుతున్నాయి," అంది. టైలరమ్మ కదలలేదు.

యంత్రం దగ్గర కూచునేది క్వెరీ మేడమ్. యాభై అయిదేళ్లుంటాయి. ఆవిడ గురించి రెండు మాటలు చెప్పాలి. ఆ ఊళ్లో సగం కొంపల గుట్టు తెలిసి కూడా ఒక్క ఇంటి మాట ఇంకో ఇంట్లో అనని మనిషి. టైపు చేసేటప్పుడు పెదవులు కదుపుతుంది, చిన్నపిల్లలు ఎక్కం చదివినట్టు. ఆ రోజూ అలాగే కదిపి, మీట నొక్కింది.

తలుపు తెరుచుకుంది. వాచీల తాత వచ్చాడు, నిండు మనిషి. చొక్కా జేబులో బుల్లి స్క్రూడ్రైవరు. "నేను వడ్రంగి బిడ్డను," అని కొత్త బెంచీ మీద కూచున్నాడు.

రెండో విడత. కొడుకు, కూతురు, తలా సగం ఎత్తున వచ్చారు. "నేను మా నాన్న బిడ్డను," అన్నాడు కొడుకు. "నేను మా నాన్న బిడ్డను," అంది కూతురు. కుర్చీలాయన ఇద్దరికీ ముక్కాలిపీటలు వేశాడు. నర్సు చెల్లెలు తండ్రిని చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పెద్దవాడు ఫోన్లో ఏదో చూసుకున్నాడు. టైలరమ్మ లేచి నిలబడింది. మూడో విడత తనదే కావాలి.

మూడో విడతలో కొడుకు పిల్లలు ముగ్గురు ఆరో వంతు చొప్పున, కూజా అంత ఎత్తున, తమ తమ మొహాలతో వచ్చారు. వాళ్ల వెనక ఇంకొకరు వచ్చారు. టైలరమ్మ కాదు. వాచీల తాతే. ఈసారి సగం ఎత్తున ఉన్నాడు.

"నేను మా అమ్మాయి బిడ్డను," అన్నాడు.

తప్పేదో జరిగిందని అందరికీ తెలిసింది. మనుషులు రావడం తప్పు కాదు, వచ్చిన మనిషి మళ్లీ రావడం తప్పు.

"ఏమయ్యా," అంది క్వెరీ మేడమ్ గదిలోంచి, "ఒకసారి వచ్చినవాళ్లని రెండోసారి రానివ్వొద్దని రాశానుగా. తలుపు దగ్గర నువ్వేం చేస్తున్నావు?"

"రెండోసారేం కాదు మేడమ్," అన్నాడు కుర్చీలాయన రిజిస్టరు తిరగేస్తూ. "అన్ని గళ్లూ అచ్చంగా కలిస్తేనే ఆపమన్నారు. ఆయనకి ఇల్లంతా వంతు. ఈయనకి సగం. పక్కపక్కన నిలబెట్టి చూడండి, ఎక్కడ పోలిక?"

ఆవిడ బయటికి వచ్చి చూసింది. పాత బెంచీ మీద నిండు తాత, కొత్త బెంచీ మీద సగం తాత. కుర్చీలాయన చెప్పింది నిజమే. ఆవిడకి అప్పుడర్థమైంది.

"ఇది ఆగదు," అంది.

ఎందుకాగదో లెక్కల మాస్టారు వేళ్ల మీద తేల్చాడు. సగం తాత వంతు మళ్లీ ఆయన ఇద్దరు పిల్లలకీ చీలుతుంది, తలా పావు. కూతురి పావు మళ్లీ తాతకి వెళుతుంది. తాత పావు మళ్లీ చీలుతుంది. గానుగెద్దులా తిరుగుడే. ప్రతి తిరుగుడులోనూ కొడుకు వైపు కొంత జారుతుంది, కూతురి వైపు మిగిలింది సగానికి తగ్గుతుంది. అంతే గానీ పూర్తిగా అయిపోదు.

"అన్నయ్యా," అన్నాడు గొంతు తగ్గించి, "ఇది ఎప్పటికీ ఆగకపోతే ఇల్లంతా మనదే అవుతుంది."

"ఆగద్దను మరి."

"ఆగకపోతే కాగితం రాదు."

"ఆగమను."

"ఆగితే సగమే మనది."

"నీ లెక్కలు తగలెయ్య! ఆగాలో ఆగకూడదో ఒకటి చెప్పు."

తాత ఎవరి బిడ్డో ఆ గడిలో కూతురి పేరు ఎలా చేరిందన్నది ఆఫీసులో ఎవరికీ తెలియదు. టైలరమ్మకి తెలుసు. సంచీలోంచి పసుపుపచ్చబడ్డ దరఖాస్తు ఒకటి తీసి, కటకటా మీదుగా క్వెరీ మేడమ్‌కి అందించింది.

"ఇరవై నాలుగేళ్ల కిందట అమ్మ ఇక్కడికే రెండు కాగితాలు పట్టుకొచ్చిందండీ. ఒకటి తాతయ్యకి బాధ్యురాలు తనేనని, ఇంకోటి, ఇదే, నన్ను తన బిడ్డగా రాయమని. నన్ను కూడా వెంట తీసుకొచ్చింది, పన్నెండేళ్లు అప్పుడు నాకు. కిటికీలో ఉన్నాయన, మనిషికి రోజుకి ఒక్క దరఖాస్తే, రెండోది రేపు ఇవ్వమన్నాడు."

ఆ నిబంధన ఇప్పటికీ ఉంది. ఏ మహానుభావుడు పెట్టాడో గానీ, క్యూ తగ్గడానికి పెట్టాడు.

"తాతయ్యకి తల్లో గడ్డ. ఆ మధ్యాహ్నమే ఆపరేషను. సంతకం పెట్టడానికి బాధ్యులెవరో కాగితం కావాలన్నారు ఆసుపత్రివాళ్లు. అమ్మ తాతయ్య కాగితం ముందు ఇచ్చింది. నా వైపు చూసి, రేపు వద్దాంలే అంది."

"తరవాత?"

"తరవాత తాతయ్య బతికాడు గానీ మతి రాలేదు. పదకొండేళ్లు. స్నానం, అన్నం, రాత్రుళ్లు లేచి తలుపులు తీయడం. ఎక్స్ఛేంజీకి వెళ్లొచ్చి మళ్లీ ఆయన్ని చూసుకోవడం. ఆ రేపు రాలేదండీ."

క్వెరీ మేడమ్ ఆ కాగితం రెండు వైపులా తిప్పి చూసింది. ఎక్కడా ముద్ర లేదు. జరిగింది ఆవిడకి అర్థమైంది. టేబుల్లో బాధ్యులకి వేరే గడి లేదు. ఉన్నది ఎవరి బిడ్డ అన్న గడే. ఎద్దు ఈనిందంటే దూడని కట్టేయమన్నట్టు, గుమాస్తా ఉన్న గడిలోనే వడ్రంగి పేరు పక్కన కూతురి పేరు చేర్చాడు, యంత్రం నమ్మింది. అయితే పూర్తిగా అబద్ధమనడానికీ లేదు. చివరి మూడేళ్లూ ముసలాయన ఆమెని తన తల్లే అనుకున్నాడు. ఆమె అన్నం కలిపి పెడితే గానీ తినేవాడు కాదు, ఆమె పనికి బయల్దేరితే గుమ్మంలో కూచుని ఏడ్చేవాడు.

ఈ మాటలయ్యేసరికి ఎనిమిదో విడత వచ్చింది. పాత యంత్రం, విడతకి పది నిమిషాలు. టెలిఫోనామె నాలుగో విడతలో పావు వంతున, మోచెయ్యంత ఎత్తున వచ్చింది. ఆరులో జానెడు. ఇప్పుడు ఎనిమిదిలో వేలంత. వచ్చిన ప్రతిసారీ అదే మాట, గొంతు మాత్రం సన్నబడుతూ: "నేను మా నాన్న బిడ్డను." ఆమె తరవాతి విడతలో ఆయన: "నేను మా అమ్మాయి బిడ్డను." పదకొండేళ్లు చేసిన చాకిరీ ఆ హాల్లో మళ్లీ మొదలైనట్టుంది. ఈసారి దానికి చావు కూడా అడ్డం లేదు. ప్రతి తాత వెనకా ఒక కూతురు రావలసిందే, ప్రతి కూతురి వెనకా ఒక తాత రావలసిందే. నర్సు చెల్లెలు కూడా తండ్రి నాలుగోసారి వచ్చేసరికి ఏడవడం మానేసింది. ఏడుపుకీ వంతులుంటాయి.

ఆఫీసరు తన గదిలోంచి వచ్చి, పళ్లేల వరస చూసి, "ఎంతసేపు?" అన్నాడు.

"దీన్ని ఆపేసి వేరేగా రాయాలి సార్," అంది క్వెరీ మేడమ్. "ఒక్కొక్కరి చేతికీ దారిచీటీ ఇస్తాను. ఎవరెవరి మీదుగా వచ్చారో అందులో ఉంటుంది. తన పేరు తన చీటీలోనే ఉన్నవాణ్ణి తలుపు దగ్గర తిప్పి పంపేస్తాం. మూడు విడతల్లో తేలిపోతుంది."

"మరి కానివ్వండి."

"మేడమ్," అంది టైలరమ్మ. "అలా రాస్తే అమ్మ వస్తుందా?"

"ఒక్కసారి వస్తుంది. రెండో విడతలో."

"నేను?"

క్వెరీ మేడమ్ కళ్లజోడు తీసి తుడుచుకుంది. అబద్ధం చెప్పడం చేతకాని మనిషి. "నువ్వు టేబుల్లో లేవమ్మా. నేను ఎలా రాసినా నిన్ను పిలవలేను."

"మీరే ఎక్కించకూడదా? ఒక్క వరస."

"అడగడం వరకే నా చెయ్యి. రాయడం నా చేతిలో లేదు. రాసేవాళ్లు దాఖలైన కాగితం చూసి రాస్తారు. దాఖలు చేయాల్సిన మనిషి పోయింది."

"మరి అమ్మ సగం?"

"ముందుకు పోవడానికి దారి లేని వంతు అన్నదమ్ముల పిల్లలకి పోతుందని రూలు."

పెద్దవాడు మొదటిసారి హాయిగా వెనక్కి వాలాడు. "చూశావా," అన్నాడు తమ్ముడితో, "ఆగినా మనదే, ఆగకపోయినా మనదే. ఈ ముక్క పొద్దున్నే చెప్పి ఉంటే ఒక లోడు దింపించుకుని వచ్చేవాణ్ణి." తరవాత టైలరమ్మ వైపు తిరిగి, మెత్తగానే అన్నాడు, అదే ఇంకా కష్టంగా ఉంది: "నెలాఖరు దాకా ఉండు. మిషను మోయడానికి మనిషిని కూడా నేనే పంపిస్తాను."

ఆమె విన్నదో లేదో. పన్నెండో విడత వచ్చింది. టెలిఫోనామె ఇప్పుడు అరవై నాలుగో వంతు, బొటనవేలి కణుపంత. కుర్చీలాయన ఆమెని రెండు వేళ్లతో జాగ్రత్తగా ఎత్తి పళ్లెంలో కూచోబెట్టాడు. "నేను మా నాన్న బిడ్డను" అన్నది భూతద్దంతో చూస్తేగానీ తెలియలేదు, పెదవుల కదలికే.

"మేడమ్," అంది టైలరమ్మ కటకటా చిన్న తలుపు మీద చెయ్యి వేసి, "పిలుపు జరుగుతుండగా ఆ గది తలుపులోంచి నడిచి వచ్చినవాళ్లెవరైనా లెక్కలోకి వస్తారా?"

"వస్తారు. యంత్రానికి మొహాలు తెలియవు, ఆ విడతలో తలుపు దాటిన వాళ్లని..." అని, ఆవిడ ఆగిపోయింది. "ఆ పని చెయ్యకు. విను. ఈ ప్రశ్నకి వచ్చినవాళ్లు ఈ ప్రశ్నతోనే పోతారు. నేను దీన్ని ఆపిన క్షణం ఇక్కడెవ్వరూ ఉండరు. వచ్చారన్న గుర్తు కూడా ఉండదు."

"ఎంతసేపట్లో ఆపుతారు?"

"నువ్వు ముందు ఆ చెయ్యి తియ్యి."

"వదినా," అంది నర్సు చెల్లెలు లేచి, "పద, టీ తాగొద్దాం. ఇల్లు పోతే పోయింది. మా ఇంట్లో వరండా ఉంది, మిషను అక్కడ వేసుకుందువు గాని. ఆయన్ని నేను ఒప్పిస్తాను."

టైలరమ్మ ఆమె వైపు చూసింది. "నువ్వు అంటావని తెలుసు," అంది. "చిన్నప్పుడు కూడా నీ బొమ్మ నాకిచ్చేసేదానివి, మీ అన్నయ్య లాక్కునేవాడు."

పదమూడో విడతకి యంత్రం గది తలుపు తెరుచుకుంటోంది. ఆమె కటకటా తోసుకుని, కుర్చీలాయన పక్కనుంచి, ఆ తలుపులోకి నడిచింది. పరుగెత్తలేదు. పని అయ్యాక గదిలో దీపం ఆర్పడానికి వెళ్లినట్టు వెళ్లింది. లోపలికి వెళ్లినప్పుడు అయిదడుగుల రెండంగుళాలు. వాచీల తాత పక్కన బయటికి వచ్చినప్పుడు గుమ్మడిగింజంత.

కుర్చీలాయన మోకాళ్ల మీద వంగి భూతద్దం పెట్టాడు.

"ఏమంటోంది?" అంది క్వెరీ మేడమ్.

"నేను మా అమ్మ బిడ్డను అంటోందండీ."

ఆమెని ఎత్తి ఎక్కడ పెట్టాలో అతనికి తెలియలేదు. రూలు ప్రకారం కొత్త బెంచీ మీద వేరే పళ్లెంలో పెట్టాలి. అతను పాత బెంచీ మీది టెలిఫోనామె పళ్లెంలోనే పెట్టాడు. అప్పుడు జరిగింది ఇరవయ్యారేళ్లలో అతను చూడనిది. వచ్చినవాళ్లు తమ మాట చెప్పి కూచోవడమే తప్ప కదలరు. టెలిఫోనామె కొంచెం పక్కకి జరిగి చోటిచ్చింది. అంతే. తిరిగి చూడలేదు, చెయ్యి వెయ్యలేదు. జరిగి చోటిచ్చింది.

లెక్కల మాస్టారు అలవాటుకొద్దీ, "నూట ఇరవై ఎనిమిదో వంతు," అని గొణిగి, తనకే సిగ్గేసి ఊరుకున్నాడు.

క్వెరీ మేడమ్ ఆ మధ్యాహ్నం క్వెరీ ఆపలేదు. భోజనానికి లేవలేదు. ఇరవయ్యో విడతకి వచ్చేవాళ్లు నువ్వుగింజంత అయ్యారు. పాతిక దాటాక భూతద్దానికీ అందలేదు. తలుపు మాత్రం పది నిమిషాలకోసారి తెరుచుకుని, ఎవరో దాటినంతసేపు ఆగి, మూసుకునేది. కుర్చీలాయన ప్రతిసారీ ఖాళీ పళ్లెం పట్టుకెళ్లి, ఖాళీ పళ్లెం తెచ్చి బెంచీ మీద పెట్టేవాడు. మిగతా అర్జీదార్లు రేపు రమ్మంటే గొడుగులు విదిలించుకుంటూ వెళ్లిపోయారు.

నాలుగూ ముప్పావుకి ఆఫీసరు వచ్చాడు. "ఏమిటండీ ఇది? ఒక్క ఇంటి కోసం ఊరంతా ఆగిపోయింది. ఆపండి."

"సార్, లోపల ఒకమ్మాయి ఉంది. టేబుల్లో లేని మనిషి."

"టేబుల్లో లేని మనిషైతే పోయేదేముంది?"

ఆయన చెడ్డవాడు కాదు. ఆయన గళ్లు అలా ఉన్నాయి.

క్వెరీ మేడమ్ కటకటా దాటి, ఆ పళ్లెం ముందు నేల మీద కూచుంది. మోకాళ్ల నొప్పుల మనిషి, అలా కూచోవడం అక్కడెవరూ ఎప్పుడూ చూడలేదు. భూతద్దం పట్టుకుని, "అమ్మా," అంది, "బయటికి రా. వచ్చిన దారినే తలుపులోకి వెళ్లి, అటునుంచి వచ్చెయ్యి. యంత్రానికి నేనేదో చెప్పుకుంటాను. ఆ నర్సమ్మాయి వరండా ఇస్తానందిగా. రా తల్లీ."

పళ్లెంలోంచి వచ్చిన జవాబు ఆవిడకి పెదవుల కదలికలో స్పష్టంగానే తెలిసింది. "నేను మా అమ్మ బిడ్డను." ఇంకో మాట ఆమె దగ్గర మిగల్లేదు.

"నీకు భయంగా ఉందా?"

"నేను మా అమ్మ బిడ్డను."

ఆవిడ గోడ పట్టుకుని లేచి, గదిలోకి వెళ్లి, ఆపింది. హాల్లో బెంచీలన్నీ ఖాళీ అయ్యాయి. నిండు తాత, సగం తాత, పావు తాత, పీటలు, పెట్టెలు, పళ్లేలు, అన్నిటి మీదా ఎవరూ లేరు. నర్సు చెల్లెలు వెళ్లి ఆ ఒక్క పళ్లెం తడిమి చూసి వచ్చింది. కుర్చీలాయన పళ్లేలు ఒకదాన్లో ఒకటి పేర్చుకుని లోపల పెట్టాడు. ఆఫీసన్నాక క్వెరీలు ఆగుతుంటాయి.

దారిచీటీతో కొత్తది రాయడానికి పావుగంట పట్టింది. మూడు విడతల్లో తేలిపోయింది. తాత ఒక్కసారి వచ్చాడు, పిల్లలిద్దరూ ఒక్కొక్కసారి వచ్చారు, టెలిఫోనామె ముక్కాలిపీట మీద కూచుని ఎటూ చూడకుండా తన మాట చెప్పింది. రెండోసారి రాబోయిన తాతని చీటీ చూసి తలుపు దగ్గరే తిప్పి పంపారు. అయిదూ ముప్పావుకి కాగితం అచ్చయింది. ప్రశ్నకి అర్థం ఉంటే యంత్రం ఎంత తొందరగా జవాబిస్తుందో, మనిషి అంత ఆలస్యంగా తెలుసుకుంటాడు.

ఆ కాగితం ప్రకారం, ఆ తరవాత జరిగిన దాని ప్రకారం, ఎవరికేం వచ్చిందంటే:

ఇల్లు ముగ్గురికీ తలా మూడో వంతు. ఆ చలికాలంలోనే అమ్మేశారు. కొన్నాయన పడగొట్టి గోడౌను కట్టాడు, దానికి సిమెంటు పెద్దవాడే తోలాడు. ముసలాయన వాచీలు, పట్టకార్లు, అద్దాలు నడిపివాడికి వచ్చాయి. బళ్లో పిల్లలకి సూక్ష్మమైన కొలతలు చూపించడానికి పనికొస్తాయన్నాడు గానీ, ఎప్పుడూ తీసుకెళ్లలేదు. టెలిఫోనామె మంచం, రెండు దుప్పట్లు నర్సు చెల్లెలికి. కుట్టుమిషను ఎవరిదన్న ప్రశ్న వచ్చింది. టైలరమ్మ పేరుతో క్వెరీ మొదలుపెట్టాలంటే మొదటి ముక్కకి ఒక వరస కావాలి, అది లేదు. కాబట్టి ఇంట్లో ఉన్నది ఇంటితోనే అని పెద్దవాడు పట్టుకెళ్లాడు. చెల్లెలు అడిగితే ఇచ్చేవాడేమో. అడగలేదు. సగం కుట్టిన పద్నాలుగు చొక్కాలు, రెండు పరదాలు ఎవరివి వాళ్లు వెతుక్కుని తీసుకుపోయారు.

క్వెరీ మేడమ్‌కి, ఊరంతా ఒక పూట ఆగిపోయినందుకు, ఇంకో ఆఫీసుకి బదిలీ వచ్చింది. కుర్చీలాయనకి ఏమీ రాలేదు.

వారసత్వ కాగితం వెనకవైపు ఎప్పుడూ చిన్న అక్షరాలతో ఇంకో జాబితా ఉంటుంది, విచారించగా వంతు లేదని తేలినవాళ్లది. అందులో వాచీల తాత, ఆయన కొడుకు, ఆయన కూతురు ఉన్నారు, ముగ్గురూ పోయినవాళ్లు కాబట్టి. నాలుగో పేరు లేదు. వంతు లేనివాళ్లలో ఒకరుగా లెక్కకి రావాలన్నా టేబుల్లో ఒక వరస ఉండాలి.